కూజా గౌను

బుచ్చమ్మ చేతిలో క్రోషియా సూదితోనే పుట్టిందని గౌలిపురలో కొందరు చెబుతారు. అంతా ఉత్తదే. ఆమె పుట్టింది బర్రెల కొట్టం పక్కన. సూది పట్టింది పెళ్లయ్యాక, గల్లీలోనే ఉండే సలీమా వాళ్లింటికి పాలు పోయడానికి వెళ్లడం మొదలయ్యాక. సలీమా తల్లిని గల్లీ అంతా అమ్మీ అనేవాళ్లు. ఆవిడ గడపలో కూర్చుని నమాజు టోపీలు అల్లుతుంటే, పాలు పోసేసిన బుచ్చమ్మ ఖాళీ చెంబు పట్టుకుని ఆ వేళ్లవంకే చూస్తూ నిలబడిపోయేది. ఒకనాడు అమ్మీ, “నిలబడి చూస్తే వస్తదా బేటీ? కూసో,” అని సూది చేతిలో పెట్టింది. ఆ కూర్చోవడం కూర్చోవడమే.

రంజాన్ ముందు ఆ గడప దగ్గర కాలు పెట్టే సందు ఉండేది కాదు. గంజి పెట్టిన టోపీలు బోర్లించిన గిన్నెల మీద ఎండుతుండేవి. కొలతకు టేపు లేదు, ఏమీ లేదు. టోపీ పూర్తికాగానే బుచ్చమ్మ దాన్ని తన మోకాలికి తొడిగి చూసేది. సలీమా మొగుడు అబ్దుల్ వాహెద్ ఆ టోపీలు దుకాణంలో అమ్ముతూ, “బుచ్చమ్మక్క మోకాలికి పట్టిందంటే ఏ నెత్తికైనా పడుతది,” అనేవాడు. అది మెచ్చుకోలో, వెక్కిరింతో ఆమెకు ఈనాటికీ తెలియదు.

తరువాత మిషను టోపీలొచ్చాయి. బర్రెలు పోయాయి, అమ్మీ కూడా పోయింది. సూది బొట్టుపెట్టె అడుగుకు చేరింది.

దాన్ని మళ్లీ పైకి తీయించింది మనవరాలు స్వీటీ. ఈ ఎండాకాలం పిల్ల మొదటి పుట్టినరోజుకు కోడలు నెట్టు గౌను తెచ్చింది. గులాబీ రంగు, లోపల కరకరలాడే లైనింగు. ఒళ్లంతా చెమటకాయలున్న పిల్లకు దాన్ని తొడగ్గానే అది పెట్టిన ఏడుపుకు పక్కిళ్లవాళ్లు పొయ్యి మీద కూరలు వదిలేసి వచ్చారు. కోడలి కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. అప్పుడు బుచ్చమ్మ, అంతమంది ముందర, రొమ్ము విరుచుకుని అనేసింది: “ఏం ఫికర్ జెయ్యకు బిడ్డా. నూలుదారంతోని నేను అల్లుత. తొడుక్కున్నట్టే ఎరుకుండదు పోరికి.”

కోడలు అత్త మాట నమ్మి ఆ సాయంత్రమే నెట్టు గౌను దుకాణంలో వాపసిచ్చి వచ్చింది. ఇక స్వీటీకి పుట్టినరోజుకు గౌనంటే బుచ్చమ్మ అల్లబోయేదే.

చిక్కంతా ఏమిటంటే, బుచ్చమ్మ జన్మలో టోపీ తప్ప మరొకటి అల్లలేదు. టోపీ పైనుంచి కిందికి దిగుతుంది కదా, గౌనూ అంతేగా అనుకుంది. మెడ దగ్గర మొదలుపెట్టి, టీవీలో సీరియల్ చూస్తూ అల్లింది. అరచేతి వెడల్పు రాగానే, ఆమెను అడగకుండానే చెయ్యి పెంచడం ఆపేసి నిటారుగా కిందికి దిగింది. సీరియల్ అయ్యేసరికి ఒళ్లో టోపీ! విప్పేసింది. ఈసారి వాకిట్లో కూర్చుని, మురుగునీళ్ల మోరీ నిండిందని పక్కింటామెతో లొల్లి పెట్టుకుంటూ అల్లింది. మళ్లీ టోపీయే. పైగా, చూస్తే అది అప్పటికే మోకాలికి తొడిగి ఉంది.

“అత్తమ్మా, ఏడిదాక వచ్చింది?” అని కోడలు తొంగిచూసింది.

బుచ్చమ్మ కొంగు కప్పేసి, “మెడకాడికి వచ్చింది,” అంది. ప్రాణం మెడకాడికి వచ్చిన మాట నిజమే మరి.

పుట్టినరోజు దగ్గర పడింది. సిగ్గు చంపుకుని, పిల్లను చంకనేసుకుని, అల్లిక పట్టుకుని సలీమా ఇంటికి వెళ్లింది. సలీమా ఆ అల్లికను అటూ ఇటూ తిప్పి, చప్పున స్వీటీ నెత్తిన పెట్టింది. సరిగ్గా సరిపోయింది.

“మాషా అల్లా! మస్తుగున్నది. మరి గౌనేది బుచ్చమ్మక్కా?”

“నవ్వకే సలీమా. గల్లీ అంత చెప్పుకున్న. ఇప్పుడు పోరిని టోపీతోని కూసోబెట్టాల్నా?”

సలీమా నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్లింది. వచ్చేటప్పుడు చేతిలో మట్టి కూజా ఉంది, అమ్మీది. దాని మీద అమ్మీ అల్లిన తెల్ల ముసుగు. కూజా మెడ దగ్గర గుండ్రంగా సందుతో మొదలై, భుజాల మీదుగా వెడల్పవుతూ పొట్ట చుట్టూ జారింది.

“దీనికి మెడ ఉన్నది, బుజాలున్నయి, బొజ్జ ఉన్నది. నీ మనవరాలికి గవే ఉన్నయి గదా?”

“చేతులో?”

“చేతులకు సందు ఇడువు! గది గూడ నేనే చెప్పాల్నా?”

బుచ్చమ్మ కూజాను ఒక చంకన, పిల్లను మరో చంకన పెట్టుకుని ఇల్లు చేరింది. ఇక టీవీ పెట్టలేదు, మోరీ మాట ఎత్తలేదు. రెండు వరసలు అల్లడం, కూజాకు తొడిగి చూడడం, ముసుగుతో పోల్చుకోవడం. చెయ్యి ఆగబోయినప్పుడల్లా అమ్మీ వరసలే దాన్ని ముందుకు నడిపించాయి.

పుట్టినరోజునాడు గౌను తొడిగితే స్వీటీ ఏడవలేదు. తొడిగిన సంగతే పట్టించుకోకుండా కేకు వైపు చెయ్యి చాచింది. కోడలు మురిసిపోతూ అంచు సవరించబోయి ఆగింది.

“అత్తమ్మా, కిందికెల్లి ఈ గాజుపూసలెందుకు?”

బుచ్చమ్మ కూజా వంక చూసింది. ముసుగు గాలికి లేచిపోకుండా అమ్మీ అంచున పూసలు కట్టింది. బుచ్చమ్మ చూసింది చూసినట్టు దింపేసింది. మొగుడితో పుట్టినరోజుకు వచ్చిన సలీమా అవతలికి తిరిగి నవ్వుకుంటోంది.

అంతలో స్వీటీ తల్లి వేలు వదిలి నాలుగు తప్పటడుగులు వేసింది. పూసలు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. కేకు తింటున్న వాహెద్ చెయ్యి నోటి దగ్గరే ఆగిపోయింది. అప్పట్లో ఎండన పడి ఇంటికి వస్తే, అత్తగారు అమ్మీ నీళ్లకోసం కూజా వంచేటప్పుడు ముసుగు పూసలు చేసే చప్పుడు అది.

“బుచ్చమ్మక్కా,” అన్నాడు మెల్లగా, “దప్పికైతుంది.”

కోడలు ఫ్రిజ్‌లోంచి సీసా తెచ్చింది. అతను చెయ్యి అడ్డం పెట్టాడు. బుచ్చమ్మకు అర్థమైంది. కూజా కడిగి, నీళ్లు నింపి, గాలి తగిలే కిటికీలో పెట్టి వచ్చింది.

“ఇప్పుడే పోసిన భాయ్. సల్లబడాలంటే టైం పడుతది. కూసోండ్రి.”

చుట్టాలు లేచి వెళ్లిపోయారు. సలీమా, వాహెద్ మాత్రం నీళ్లు చల్లబడేదాకా కూర్చున్నారు. పూసలు గుప్పిట్లో పట్టుకుని స్వీటీ బుచ్చమ్మ మోకాలి మీద నిద్రపోయింది.