పచ్చని చెట్టు ఉసురు

బస్సు కండక్టరుగా రిటైరైన ఆ పెద్దమనిషిని బస్సు ఆపేటప్పుడు వేసే కేకను బట్టి వీధి వీధంతా హోల్డాన్ మామ అనే పిలిచేది. ఉద్యోగం వదిలాక ఆయనకో పిచ్చి పట్టుకుంది. పెరటి రేకుల షెడ్డులో పాత లేత్ మిషను బిగించుకుని, గాలికి కూలిన కొమ్మలు, ఎవరో పారేసిన మంచం కోళ్లు, ఇళ్లు పడగొట్టినచోట దొరికే గుమ్మాల ముక్కలు మోసుకొచ్చి గిన్నెలు చేసేవాడు. తిరిగే చెక్కకు ఉలి ఆనించి, పొట్టు మొహాన పడుతుంటే ఆయనకు ఆకలి కూడా గుర్తొచ్చేది కాదు.

ఆ ఏడు వర్షాలు బాగా పడ్డాయి. వీధిలో చెట్లన్నీ పచ్చగా ఉంటే, ఆయన ఇంటి ముందున్న పెద్ద చెట్టు మాత్రం నిలువునా ఎండిపోయింది. మున్సిపాలిటీవాళ్లు దాన్ని కొట్టేస్తుంటే హోల్డాన్ మామ బతిమాలి, కాండం మొదట్లోంచి ఒక దుంగ కోయించుకుని షెడ్డులోకి దొర్లించుకున్నాడు. అదే ఆయన కొంప ముంచింది.

"బతికున్నప్పుడే దాన్ని తడిమి తడిమి చూసేవాడు. దుంగ కోసం ఆయనే ఏదో చేసుంటాడు," అన్నాడు ఎదురింటి టైలరు.

ఆ మాట నలుగురి నోళ్లూ తిరిగి ఇల్లాలి చెవిన పడింది. ఆమె పైకేమీ అనలేదు. కానీ ఆయన లేనప్పుడు షెడ్డులోకి వెళ్లి సీసాల మూతలు తీసి వాసన చూసేది. చివరికి ఉండబట్టలేక అడిగేసింది.

"నిజం చెప్పండి. ఆ చెట్టుకి మీరేమైనా పోశారా?"

"నువ్వు కూడానా?" అని ఆయన కంచం ముందు నుంచి లేచిపోయాడు.

మర్నాడు పంతం కొద్దీ దుంగను మిషనుకెక్కించాడు. బెరడు పోయేసరికి వేలు దూరేంత రంధ్రం బయటపడింది. అందులో మైనం కూరి ఉంది. చుట్టూ చెక్క నల్లబడింది. మైనం పెకలిస్తే గుప్పున కలుపుమందు వాసన కొట్టింది.

ఆయనకు తన డ్రిల్లు గుర్తొచ్చింది. తమ ఇంటి ముందు గదిలో ఫోటో స్టూడియో పెట్టుకున్న బావమరిది, గోడకు బోర్డు బిగించుకుంటానని ఆ మధ్య దాన్ని పట్టుకెళ్లాడు. తిరిగిచ్చినప్పుడు దాని బిట్టుకు సున్నం అంటలేదు, పచ్చి చెక్క నూగు అంటింది. పైగా ఆ బోర్డు కనపడకుండా అడ్డుపడింది ఈ చెట్టే.

బావమరిదిని పిలిపించాడు. అతను వచ్చి షెడ్డంతా చూశాడు గానీ దుంగ వైపు చూడలేదు.

"ఎందుకు చేశావురా?"

"బోర్డు ఎవడికీ కనపడట్లేదు బావా. నాలుగు కొమ్మలు ఎండితే చాలనుకున్నా. నీ మెడకు చుట్టుకుంటుందనుకోలేదు. అక్కకి మాత్రం చెప్పకు."

"చెప్పకపోతే నేనే దోషినై ఊరుకోవాలా?"

గుమ్మం దగ్గర అలికిడైంది. టీ గ్లాసుతో ఆమె నిలబడి ఉంది. అంతా వినేసింది.

ఆమె గ్లాసు కింద పెట్టి, తమ్ముడి రెక్క పట్టుకుని టైలరు కొట్టు ముందుకు లాక్కెళ్లింది.

"చెప్పరా, ఆ పచ్చటి చెట్టు ఉసురు పోసుకుందెవరో!"

అతను తల వంచుకుని చెప్పాడు. టైలరు కత్తెర పక్కన పెట్టాడు.

కొన్నాళ్లకు స్టూడియో వేరే వీధికి మారింది. అయినా జనం ఓ పట్టాన నమ్మలేదు. బావను కాపాడటానికి బావమరిది తప్పు నెత్తినేసుకున్నాడనే వాళ్లు కొందరు మిగిలే ఉన్నారు. ఆమె వాళ్లతో వాదించడం మానేసింది. ఆ విషపు పొట్టు పీల్చొద్దని దుంగను మాత్రం పాతిపెట్టించింది. తర్వాత ఓ మధ్యాహ్నం షెడ్డులోకొచ్చి, స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఎలా తిప్పుతారో నాకూ చూపించండి."

ఆయన ఉలి ఆమె చేతికిచ్చాడు.