బోరుకొచ్చిన బండి

కోవిల్‌పట్టిలో మా ఇంటి ముందు నిలబెట్టిన పాత వ్యాన్‌ని చూసి వీధిలో చాలామంది నవ్వారు. సీట్లు పీకించి ఒక పక్కగా చెక్క మంచం బిగించాను. వెనకాల చిన్న గ్యాస్ పొయ్యి, నీళ్ల డబ్బా, కిటికీలకు కర్టెన్లు. నా భార్యకు వెన్నెముక ఆపరేషన్ అయ్యాక కాసేపు కూర్చుంటే చాలు, ముఖం పాలిపోయేది. బస్సు, రైలు అన్నీ మానుకుంది. పడుకుని మాత్రం ఎంత దూరమైనా రాగలదు. ఆ వ్యాన్ వచ్చాకే ఆమె మళ్లీ ఊళ్లు చూసింది. తిరుచ్చెందూరులో సముద్రం వైపు తలుపు తీసిపెట్టుకుని, మంచం మీద ఒరిగి కాఫీ తాగుతూ, "ఇంక కొంచెంసేపు ఉందాము" అని మూడుపూటలూ అక్కడే గడిపించింది.

అలాంటి బండిని నా బావమరిది ఒక ఉదయం వచ్చి అడిగాడు. వాళ్లది కరిసల్ నేల, అంటే నల్లరేగడి, మిరప వేస్తారు.

"మా అత్తకు బాగలేదు బావా. పడుకోబెట్టి విరుదునగర్ ఆస్పత్రికి తీసుకుపోవాల."

తాళాలు చేతిలో పెట్టాను. నా భార్య దుప్పటి మార్చి, తలగడకు ఉతికిన గలీబు తొడిగి పంపింది.

మధ్యాహ్నం ఫోను వచ్చింది. సాత్తూరు దాటాక బండి ఆగిపోయిందట, లాగించుకుని విరుదునగర్ షెడ్డులో పెట్టాడట. అత్త ఎలా ఉందని అడిగేలోపు పెట్టేశాడు. కంగారుగా బస్సెక్కి వెళ్లాను.

షెడ్డులో బండి దగ్గరికి పోగానే తుమ్ములు అందుకున్నాయి. నేలంతా మిరప గింజలు. మంచం లేదు, పరుపు లేదు. మంచం బిగించిన చోట బోల్టుల బొక్కలు మాత్రం ఉన్నాయి. ఇంజిన్ అప్పటికే విప్పి గోనెపట్టా మీద పరిచి ఉంది.

"మీ అత్త ఏది?" అన్నాను.

బావమరిది చెప్పుతో నేల గీకాడు. "అత్తకేమి, బాగుండాది బావా. మూటలకని చెప్తే మీరు ఇయ్యరని..."

"మంచం?"

"మా కొట్టంలో ఉండాది. విప్పకుంటే మూటలు పట్టవు కదా."

"ఇంజిన్ వేడి చూపించే సూది ఎర్రలోకి పోయినప్పుడు ఏల నిలపలేదు?"

"పొగ వస్తానే ఉండింది. నిలిపితే మిరప వేలం అయిపోతాది బావా."

అంటే చూశాడు. చూసి కూడా తొక్కాడు. మెకానిక్‌ని అరవంలోనే పలకరించాను కనుక అతనికి అర్థం కాదనుకుని, వాడి వైపు తిరిగి మన తెలుగులో అరిచాను. "నన్నడక్కుండా ఇంజిన్ విప్పేదేమి? ఈ షెడ్డోడూ నువ్వూ కలిసి దోచేదానికి చూస్తా ఉండారా?"

మెకానిక్ చేతులు తుడుచుకుంటూ నిదానంగా అన్నాడు. "అన్నా, మా ఇంట్లోనూ ఇదే మాట. విప్పమన్నది మీ బావమరిది. నన్ను ఏల తిడతారు?"

నాకు సిగ్గేసింది, కానీ కోపం తగ్గలేదు. అతను ఒక్కొక్కటే చూపించాడు. హెడ్ వంగిపోయింది. పిస్టన్లు పట్టేసి సిలిండర్ గోడలు గీరుకుపోయాయి. వాటిని తొలిచి నునుపుచేసి బోరు కొట్టించాలి, హెడ్ మార్చాలి. "అంతా చేస్తే బండి ధరను మించిపోతాది. గుద్దుకున్న బండి ఇంజిన్ ఒకటి వస్తాది, అది తక్కువలో అయిపోతాది. కానీ ఎన్నాళ్లు నడుస్తాదో నేను చెప్పలేను."

"పాత ఇనుముకు వేసెయ్యండి బావా," అన్నాడు మావాడు. "అక్క ఎట్లయినా ఇంట్లో పడుకుని ఉండేదే కదా."

వాడి చొక్కా నా గుప్పిట్లోకి ఎలా వచ్చిందో నాకు తెలియదు. మెకానిక్ మధ్యలో దూరి విడదీశాడు.

ఇంటికొచ్చి ఆ చివరి మాట తప్ప అన్నీ చెప్పాను. నా భార్య పడుకునే వింది. నేను లెక్కలు మొదలుపెట్టాను. ఇది అమ్మేసి ఇంకోటి కొంటే మళ్లీ మంచం, పొయ్యి, అన్నీ కొత్తగా చేయించాలి. దొరికిన ఇంజిన్ పెట్టిస్తే, ఈమెను పడుకోబెట్టుకుని చెట్టూ ఇల్లూ లేని ఏ పొట్టల్‌కాడు మధ్యలోనో ఆగిపోతే ఏం చేయాలి? ఆమె నన్ను ఆపి, తమ్ముడికి ఫోను కలపమంది.

"మీ అత్తకు బాగలేదని ఏలరా చెప్తివి? నేను తలగడ గలీబు మారిస్తిని."

వాడు నసిగాడు. సగం ఖర్చు ఇస్తానన్నాడు.

"సగమెందుకు? అంతా నువ్వే పెట్టాల."

"అంత ధర చేయదక్కా ఆ బండి."

"దాని ధర నిన్నెవరు అడిగినారు? నేనేమన్నా అమ్మేదానికి పెట్టుకున్నానా?" ఫోను నాకిచ్చి గోడవైపు తిరిగింది.

మరుసటి వారం విరుదునగర్ వెళ్లి, బోరు కొట్టించి అంతా సరిగా చేయమని చెప్పాను. మెకానిక్ "బాగా ఆలోచించుకున్నారా అన్నా?" అని అడిగాడు. ఆలోచించుకున్నానన్నాను.

బావమరిది సగమే ఇచ్చాడు, అదీ పంట అమ్ముడుపోయాక. మిగతాది నేను పెట్టుకుని, వాడి కొట్టంలోంచి మంచం తెప్పించి మళ్లీ బిగించాను. తరువాత ఒక పెళ్లిలో మా పెద్దమ్మ నన్ను పక్కకు పిలిచి, "ఒక డబ్బా బండికోసరం అక్కాతమ్ముళ్లను విడదీస్తివే నాయనా" అంది. వాడు అందరికీ అలాగే చెప్పుకున్నాడట. అక్క రక్తం పీల్చిందని, బావ చొక్కా పట్టుకున్నాడని. అత్తకు బాగలేదని బొంకి బండి తీసుకుపోయిన సంగతి ఎవరికీ చెప్పలేదు. నేను చెప్పబోయాను. భోజనాలకు ఆకులు వేస్తున్నారు రమ్మని ఎవరో పిలిచారు, పెద్దమ్మ లేచి వెళ్లిపోయింది. నేను తినకుండా బయటికొచ్చాను.

బయట చెట్టునీడలో వ్యాన్ తలుపు తీసి ఉంది. నా భార్య పడుకుని, పెళ్లికొచ్చిన ఆడవాళ్లతో గట్టిగా కబుర్లాడుతోంది. తిన్నారా అని అడిగింది. తిన్నానని అబద్ధం చెప్పి బండి స్టార్ట్ చేశాను.