పరదా చాటు బేరం

ఆ రోజుల్ల నాకు ఛత్రినాక దాటితే పరాయి దేశమే. ఇప్పుడు చెప్తే మా పిల్లలు నవ్వుతరు గని, పెండ్లయిన కొత్తల కిషన్‌బాగ్ పోవుడంటే పాస్‌పోర్టు అడుగుతరేమో అన్నట్టు భయపడుతుంటి. రెండు బస్సులు మారాలె, దిగినంక బోర్డులు ఉర్దూల, మాటలు ఉర్దూల. నా ఉర్దూ ఎంతని అడిగే "కిత్నా" దగ్గర మొదలై, వద్దనే "నక్కో" దగ్గర ఆగిపోతుండె. కరెంటు ఆఫీసుల టైపిస్టును, ఇరవై ఆరేండ్లదాన్ని, లోకం తెల్వనిదాన్ని. గసుంటి నేను ఆ దేశంల ఇల్లు కొనేటందుకు బయల్దేరిన.

బయల్దేరక తప్పలే. మేం కిరాయికున్న ఒక్క అర్రను ఓనరు తన కొడుకు పెండ్లికి కావాలన్నడు, బోనాల లోపట ఖాళీ చెయ్యమన్నడు. గప్పుడే మా ఆయనకు ఎవరో ఈ ఇంటి సంగతి చెప్పిన్రు. ఒక్కసారి చూసిన, అంతే, మతి పోయింది. నడిమిట్ల వాకిలి, వాకిట్ల జామచెట్టు, పగటీలి ఆకుల సందుల నుంచి ఎండ దిగొచ్చి నీలం సున్నమేసిన గోడ మీద మెల్లగ ఊగుతుండె. ఆ ఎండల నేను తల ఆరబెట్టుకుంటున్నట్టు, పక్కపొంటి ఎవరో పసిపిల్ల పాకుతున్నట్టు (అప్పటికి మాకింక పిల్లల్లేరు) మెలకువల్నే కలలు. తెల్లారి ఆఫీసుల ఒక నోటీసు కొడుతూ "గడువులోగా చెల్లించని యెడల" తర్వాత "జామచెట్టు" అని కొట్టిన. మా పెద్ద సారు కండ్లద్దాలు తుడుచుకొని రెండుసార్లు చదివిండు.

బేరానికి మా మేనమామ వచ్చిండు. మలక్‌పేట మార్కెట్ల ఉల్లిగడ్డలోళ్ళు ఆయన బేరానికి భయపడి సరుకు మీద గోనెసంచులు కప్పుతరని మా ఇంట్ల గొప్పగ చెప్పుకునేటోళ్ళు. బస్సుల దారి పొడుగునా నాకు పాఠం చెప్పిండు. "చూడు పిల్లా, మొఖంల సంబురం కనవడొద్దు. నేను బయట మొగోళ్ళ దగ్గర వంకలు పెడ్త, నువ్వు లోపట ఆడోళ్ళ దగ్గర పెట్టు. రెండు దిక్కుల నుంచి కొడితే వాళ్ళే దిగొస్తరు. మన దగ్గర ఎంతున్నదో మాత్రం గొంతు మీద కత్తి పెట్టినా చెప్పకు." మా దగ్గర ఉన్నదల్లా మంజూరైన లోను, దాని మీద ఒక్క రూపాయి వేసే తాహతు లేదు. వాళ్ళు చెప్పిన ధర అంతకంటె మస్తు ఎక్కువ. పైనుంచి, ఇల్లు కూలగొట్టి మూడంతస్తులు లేపుతనని ఎవరో బిల్డరు అడిగిపోయిండట. అది విన్నకాడి నుంచి నాకు అన్నం సయించలే.

ఇల్లు అమ్మేటాయనను అందరు చాచా అంటరు. ఆయన మామనూ మా ఆయననూ ముందర్రల కూసోబెట్టిండు. నన్ను పరద పక్కకు జరిపి లోపటికి తోలిండు. లోపట ఖాలా, అంటే ఆయన భార్య, తమలపాకులు తుడుస్తున్నది. "రా బేటీ, కూసో" అని సక్కటి తెలుగుల అన్నది. సగం ఫికర్ తీరింది. మామ పాఠం యాది చేసుకొని, మొఖం చేదుగ పెట్టి, వంటింటి చీకటితోని మొదలుపెడదమని నోరు తెరిచిన. అంతల ఆమెనే అందుకున్నది.

"ఇదేం ఇల్లు బేటీ, గరీబ్‌ఖానా. వంటింట్ల పగలు గూడ దీపం పెట్టాలె."

నా మాట ఆమె గుంజుకున్నది! ఇప్పుడేం చెయ్యాలె? ఎవరన్న తమ ఇంటిని తామే తక్కువ చేసుకుంటుంటె "హౌ, నిజమే" అంటమా? వీళ్ళది తహజీబ్, మర్యాదకు గిట్లనే అంటరు, మనం కాదనాలె అనుకున్న. "అట్లనకుండ్రి ఖాలా, ఎండకాలం సల్లగుంటది" అన్న.

"వానపడితే ఈ మూలకు కారుతది."

"వాన సప్పుడుకు మంచిగ నిద్ర పడ్తది ఖాలా."

"కోతులొస్తయి. ఒక్క జామకాయ దక్కనియ్యవు."

"పాపం, అవ్విటికి గూడ ఆకలైతది కద!"

పరద అంటె బట్టనే గని గోడ కాదని నాకప్పుడు తట్టలే. అవతల మామ దగ్గు మొదలైంది. ముందుగాల సైగకు దగ్గిండు, తర్వాత నిజంగనే దగ్గిండు. చాచా మెల్లగ అంటున్నడు: "మీరు కప్పు కారుతదని గంట సేపటి నుంచి లొల్లి చేస్తున్రు భాయ్. మీ బిడ్డేమో నిద్ర మంచిగ పడ్తదంటున్నది. ఎవరి మాట నమ్మాలె?" మా ఆయన సాసర్ల చాయ్ పోసుకొని, తల ఎత్తకుండ తాగుతనే ఉన్నడట.

ధర దిగలే. "పద పిల్లా, పోదం!" అని మామ లేచిన సప్పుడు వినవడ్డది. నాకు కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. లేవబోతుంటె ఖాలా చెయ్యి పట్టుకున్నది. "నిజం చెప్పు బేటీ, మీ దగ్గర ఎంతున్నది?" కత్తి అక్కర్లేకపోయింది. లోను ఎంతొచ్చిందో ఆఖరి రూపాయి దాక చెప్పేసిన. ఆమె తమలపాకులు పక్కకు పెట్టింది. "ఈ ఇంటికున్న ఐబులన్ని, వంకలన్ని నేనే చెప్పిన. రేపు నన్ను అనొద్దు" అన్నది. ఇది గూడ మర్యాదనే అనుకొని తలూపిన.

ఆమె పరద దిక్కు తిరిగి, "సునో జీ! ఈ పిల్ల దగ్గర గింతే ఉన్నది. గింతకే ఇస్తున్నం. బాత్ ఖతమ్" అన్నది. చాచా సరేనన్నడు. మామనే లబలబలాడిండు, "అయ్యో, నేనింకా తక్కువకు అడుగుతుంటి కద!" అని. తిరుగు బస్సుల నా పక్కన కూసోలే.

మొదటి వానకు ఆ మూల కారింది. ఆ మూలే కాదు, దాని పక్క మూల గూడ. వంటింట్ల పగలే బల్బు వేసుకొని పప్పు కడిగిన. కోతులు కాయలు తిని, ఉతికిన చీర గూడ ఎత్తుకపోయినయి. గిన్నెల నడుమ కూసోని గప్పుడు తెలుసుకున్న, ఆమెది మర్యాద కాదు, నిజాయితి. ఇల్లు అమ్మేటామె ఐబులు చెప్తుంటె, కొనేదాన్ని నేనే ఒప్పుకోలే! రెండు గల్లీల అవతల వాళ్ళ చెల్లె పక్కన ఉంటున్న ఖాలా చూడనీకి వచ్చి, చీర కొంగు నోట్ల పెట్టుకొని నవ్వింది. నేను గూడ నవ్విన, ఇంకేం చేస్త.

ఇరవై ఏండ్లు దాటింది, ఇప్పటికీ ఈ ఇంట్లనే ఉన్న. మస్తు తెలివొచ్చింది. ఎవరన్న ఇల్లు కొంటమంటె నన్ను తోలుకపోతరు. నేను నిచ్చెనేసుకొని కప్పెక్కుత, గోడ మీద వేలుతోని కొట్టి చూస్త, కాయితాలు ఎండకు పట్టి చూస్త. నిన్న గూడ ఒక పిల్ల ముచ్చటపడ్డ ఇంటిని వద్దనిపించి వచ్చిన. గల్లీ మలుపు దాక ఆ పిల్ల ఎనుకకు తిరిగి ఆ ఇంటినే చూసుకుంట వచ్చింది. ఇంటికొచ్చినంక నాకెందుకో మనసున పట్టలే. అప్పుడు గిన్ని తెలివితేటలుంటె నేను ఈ ఇల్లు కొనకపోదును. ఆ పిల్ల నంబరు ఉన్నది నా దగ్గర, పొద్దున ఫోన్ చేసి, ఇంకొక్కసారి చూసొద్దం రా బిడ్డా అని చెప్పాలె.