సైదమ్మకు రాని హైస్కూల్

మొన్న నడిగూడెం దగ్గర మా ఊళ్లో ఎండుమిర్చి ఘాటు తగలగానే చిన్నప్పుడు నాతో చదివిన పదేళ్ల సైదమ్మ గుర్తొచ్చింది. అప్పట్లో మా ఊరి బడి ఐదో తరగతితోనే అయిపోయేది. పలక మీద లెక్క అందరికంటే ముందు సైదమ్మే చేసేది.

"నన్ను గెలిపిస్తే హైస్కూల్ తెస్త" అన్నాడు ఓట్లకొచ్చిన నాయకుడు. సైదమ్మ వాళ్లమ్మ నమ్మి ఓటేసింది. ఆయన గెలిచాడు, బడి రాలేదు. నన్ను కోదాడ హాస్టల్లో వేశారు. ఆడపిల్లను దూరం పంపలేక సైదమ్మను మిరపకాయలు ఏరే కూలికి పంపారు.

మొన్న నేనక్కడ ఉండగానే ఆ నాయకుడి కొడుకు ఓటడగడానికి వచ్చాడు. సైదమ్మ తన మనవరాలిని ముందు నిలబెట్టింది.

"మీ నాయిన తెస్తనన్న బడి ఇంకా రాలే సారూ. దీనికి ఐదో తరగతి అయిపోయింది. ఇగ ఏడికి పంపాలె?"

అతను పాప తల నిమిరి, ఫొటో దిగి, పక్కింటికి వెళ్లాడు.