ముద్ర కలవని పన్నెండు రోజులు

ఆవిడ అసలు పేరు జీతాల జాబితాకి తప్ప ఆఫీసులో ఎవరికీ అక్కర్లేదు. అందరికీ ముద్రమ్మే. నీటి సరఫరా ఫిర్యాదుల కార్యాలయంలో మెయిల్ సర్వరునీ వెబ్‌సైటునీ పదేళ్లుగా కంటికి రెప్పలా కాచుకుంటున్న మనిషి. గది మెట్ల కింద. ఒక పక్క కాలు విరిగిన కుర్చీలు, ఇంకో పక్క గాలి తక్కువా గోల ఎక్కువా అయిన ఫ్యాను.

ఆవిడ రోజు ఒకే పనితో మొదలయ్యేది. 'నేను ఫలానా' అని చెప్పుకోవడానికి సర్వరు దగ్గర ఒక సర్టిఫికెట్ ఉంటుంది. దానికి వేలిముద్రలాంటి పొడవాటి గుర్తొకటి. ఆ గుర్తును ఇంటర్నెట్‌లో చిరునామాలు చెప్పే డీఎన్ఎస్ చిట్టాలో రాసిపెడతారు. ఉత్తరం తెచ్చే బయటి సర్వరు రెండింటినీ పోల్చి చూస్తుంది. కలిస్తే ఉత్తరం ఇస్తుంది; కలవకపోతే ఇదేదో దొంగల గుమ్మం అనుకుని వెనక్కి తిరుగుతుంది. ముద్రమ్మ రోజూ టీ ముట్టకముందే ఆ ముద్రలు రెండూ పోల్చేది. పదేళ్లలో ఒక్కనాడూ తేడా రాలేదు. తేడా రాని పనికి మెప్పూ రాదు కాబట్టి, ఆవిడ చేసేది పనేనని కూడా చాలామందికి తెలియదు.

అప్పుడు కొత్త డైరెక్టరు వచ్చారు. ఆయనకు పనికన్నా పని ప్రారంభమంటే మక్కువ. సర్టిఫికెట్ పాతబడిందని ఎవరో సలహాదారు చెవిలో వేయగానే, సభ పెట్టి, పూలగుత్తి పుచ్చుకుని, ఫొటోగ్రాఫరు సరే అన్నాక బటన్ నొక్కి కొత్తది పెట్టించారు. పిలుపు మెట్ల కిందికి మాత్రం దిగలేదు.

మర్నాడు ముద్రలు కలవలేదు. ముద్రమ్మ కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది. కలవలేదు. టీ అక్కడే వదిలేసి పైకి పరిగెత్తింది.

"సార్, సర్టిఫికెట్ మార్చారు గానీ చిట్టాలో ముద్ర మార్చలేదు. మెయిల్స్ వెనక్కి పోతున్నాయి."

డైరెక్టరు ఫోనులో వెబ్‌సైటు తెరిచి తాళం బొమ్మ చూపించారు. "ఇదిగో, తాళం నిగనిగలాడుతోంది. ఇంకేం కావాలమ్మా?"

"బ్రౌజర్లు చిట్టాలో ముద్ర చూడవు సార్. మెయిల్ తెచ్చేవాళ్లు చూస్తారు. ఊళ్లో సగం మంది వాడే మెయిల్ కంపెనీ చూస్తుంది. మన హెడ్డాఫీసూ చూస్తుంది."

"సరే, ఫైలు పెట్టు."

పెట్టింది. చిట్టాలో అక్షరం ముక్క మార్చాలన్నా డైరెక్టరు ఆమోదించాలని రూలు. ఆయన ఫైలు మూలన 'చూశాను' అని మాత్రం గీకి, దాన్ని సొరుగులో నిద్రపుచ్చారు.

వారం తిరిగేసరికి ఫిర్యాదులు సగానికి పడిపోయాయి. డైరెక్టరు గ్రాఫు గీయించి గోడకు పెట్టించారు. "నేనొచ్చాక నీళ్లు బాగుపడ్డాయి" అన్నారు. నీళ్లు అదే పైపులో, అదే రంగులో వస్తున్నాయని చప్పట్లు కొట్టినవాళ్లందరికీ తెలుసు. కానీ ఫిర్యాదులు తగ్గితే మధ్యాహ్నం కునుకు పెరుగుతుంది, అది చేదా?

ఇంట్లో బట్టలు మడతపెడుతూ విషయమంతా విన్న అత్తగారు ముక్కున వేలేసుకుంది.

"చెవుల్లో దూది కుక్కుకుని, ఊరెంత ప్రశాంతంగా ఉందో అన్నాట్ట వెనకటికొకడు! పోనీ, నువ్వే గుట్టుగా మార్చేయరాదుటే?"

"గుట్టుగా మారిస్తే ఇక నేను రోజూ పోల్చి చూసేదానికి అర్థమేముంది అత్తయ్యా? ఎవరు మార్చారో తెలియని ముద్ర, ముద్రేనా?"

"అయితే రోజూ వెళ్లి అడుగు. రాయైనా అరుగుతుంది."

రోజూ వెళ్లింది. "ఇంత హాయిగా ఉంటే నీకెందుకమ్మా ఈ దురద?" అని రోజూ పంపించేశారు.

పన్నెండో రోజు హెడ్డాఫీసు గుమస్తా ఫోను చేశాడు. "మీ డైరెక్టరుగారికి అంత పొగరేంటండీ? ప్రమోషన్ ఇంటర్వ్యూకి రమ్మని మూడుసార్లు మెయిల్ పెట్టాం. మూడూ తిప్పి పంపారు. నిన్ననే ఇంటర్వ్యూ అయిపోయింది. పోస్టు వేరేవాళ్లకి ఇచ్చేశారు."

ముద్రమ్మకు ఆరోజు మెట్లెక్కడం కన్నా నవ్వాపుకోవడం కష్టమైంది. సంగతి చెప్పగానే డైరెక్టరు మొహం తడిసిన అట్టపెట్టెలా కుంగిపోయింది. సొరుగు లాగిన విసురుకి అది ఊడి ఒళ్లో పడింది. కాగితం చిరిగేలా సంతకం చేశారు.

"మార్చు! ఇప్పుడే! ఇక్కడే నిలబడి మార్చు!"

మార్చడానికి పట్టింది నాలుగు నిమిషాలు. పాత ముద్రను బయటి సర్వర్లు మరిచిపోవడానికి ఇంకో గంట. తర్వాత బయటి నుంచి రెండుసార్లు పోల్చి చూసింది. కలిసింది. ఆ మధ్యాహ్నానికే ఫిర్యాదులు వరద కట్టాయి. గ్రాఫును ఎవరు తీశారో తెలియదు గానీ గోడ ఖాళీ అయింది. 'సకాలంలో ఎందుకు తెలియజేయలేదు?' అని ముద్రమ్మకు మెమో వచ్చింది. ఆవిడ 'చూశాను' ఉన్న కాగితం నకలు జతచేసి పంపింది. రెండో మెమో రాలేదు.

ఆ వరదలో ఒక ఉత్తరం దగ్గర ఆవిడ చెయ్యి ఆగింది. "నేను రిటైరైన టీచర్ని. ఇది ఐదోసారి రాయడం. మా మూడో అంతస్తుకి పదకొండు రోజులుగా చుక్క నీరు లేదు. ఇదీ తిరిగొస్తే అసలు మీ ఆఫీసే లేదనుకుంటాను."

జవాబివ్వడం ముద్రమ్మ పని కాదు. అయినా రాసింది: "ఉత్తరం అందిందండీ. ఆఫీసు ఉంది." ఆ ఉత్తరాన్ని ప్రింటు తీసుకుని ఇంజనీరు గదిలోకి వెళ్లి, ఆయన ఫోనెత్తి వాల్వు మనిషిని పిలిచేదాకా బల్ల ముందు నుంచి కదల్లేదు.