శుక్రవారం చూడని నోటు

సెంగమలానికి ప్రభుత్వం మీద చాలా గౌరవం. గదులు ఊడ్చి దుప్పట్లు మార్చే తనలాంటి మనిషిని కూడా గుర్తుపెట్టుకుని ఢిల్లీలో కూర్చుని ఒక చట్టం రాశారని ఆమె నమ్మకం. ఆ చట్టం సంగతి ఆమెకు చెప్పింది జయప్రకాశ్. సముద్రం పక్క వీధిలో ఆయన నడిపే గెస్ట్‌హౌస్‌లోనే ఆమెకు పని. ఆయనదీ తెలుగు ఇల్లే, తాతల నాటి నుంచి వ్యాపారం.

గది ఖాళీ చేసి పోయేటప్పుడు ఫ్రెంచివాళ్ళు దిండు మీద అయిదో పదో యూరోల నోటు వదిలి పోతారు. మొదటిసారి దొరికినప్పుడు సెంగమలం జడుసుకుని, నోటును రెండు వేళ్ళతో పట్టుకుని ఆయన ముందు పెట్టింది. ఊరు చూడ్డానికి వచ్చిన పరదేశీయులు చేసిన పనికి మెచ్చి ఇస్తే మన మనిషి ఉంచుకోవచ్చని, కాకపోతే అంతా కలిపి రెండు వేల డాలర్ల విలువ దాటకూడదని, దాటితే ఆ పైది బ్యాంకుకు అప్పజెప్పాల్సిందేనని ఆయన విడమరచి చెప్పాడు.

ఆ మాట ఆమెకు వేదమైపోయింది. ఆర్నెల్లకోసారి నోట్లన్నీ గుడ్డలో చుట్టుకుని పోయి, హద్దు దాటానేమో చూడమని ఆయన ప్రాణం తీసేది. ఒకసారి ధైర్యం చేసి బ్యాంకుకూ వెళ్ళింది. యూరోలను యూరోలుగానే దాచుకునే ఖాతా ఒకటి ఉందట గానీ, దానికి ఇచ్చినవాళ్ళ నుంచి కాగితాలు కావాలన్నారు. దిండు మీద నోటు పెట్టి పోయేవాడు కాగితం ఎందుకు పెడతాడు? ఇక దాచుకోవడానికి మిగిలింది ఇందిరా నగర్‌లోని ఆమె రెండు గదుల ఇల్లు, ఆ ఇంట్లో అంగాళమ్మ తల్లి పటం ఉన్న గూడు.

రూపాయలు ఆమె చేతిలో నిలిచేవి కావు. బియ్యమనీ, గ్యాసనీ, మొగుడి మందులనీ కరిగిపోయేవి. యూరో అలా కాదు, దాన్ని తీసుకుపోయి కూరగాయలు కొనలేరు కదా. పైగా కూర్చున్న చోటే పెరిగేది. పని నుంచి ఇంటికి పోతూ డబ్బు మార్చే దుకాణం బోర్డు ముందు నిలబడి యూరో అంకె చూసుకునేది. ఊళ్ళో ధరలు పెరిగితే తిట్టేవాళ్ళే అందరూ. ఆ ఒక్క ధర పెరిగితే మురిసిపోయే పిచ్చిది ఈమె.

మనవరాలు పుట్టాక ఆ దాచిన డబ్బుకు ఒక పేరు వచ్చింది. ఇలక్కియకు చెవులు వినబడవు. నాలుగేళ్ళ పిల్ల, కన్నూ ముక్కూ తీర్చినట్టుంటుంది, వెనక నుంచి పిలిస్తే మాత్రం తిరగదు. ఆసుపత్రిలో ఉచితంగా ఇచ్చిన మిషను దాని చెవికి చాలలేదు. మంచి మిషన్లు రెండూ పెట్టించి నేర్పిస్తే మాట వస్తుంది, ఆలస్యం చేస్తే మాత్రం తన చేతిలో లేదని డాక్టరమ్మ ఉన్నమాట చెప్పేసింది. పిల్ల తల్లి కార్తిక బట్టల కొట్టులో తెచ్చే జీతం ఇంటికే సరిపోదు. సెంగమలం ఏడవలేదు. గూడు వైపు చూసి, అంతా ఉంది అనుకుంది. నిజంగానే ఉంది.

డాక్టరమ్మ రమ్మన్న వారంలో, ఒక సోమవారం పొద్దున, నోట్ల మూట నడుముకు దోపుకుని ఆ బోర్డున్న దుకాణానికే వెళ్ళింది. కౌంటరు వెనక కుర్రవాడు మూట విప్పి మొదటి నోటు వెలుతురుకు పట్టాడు. రెండోదీ పట్టాడు. ఆ తర్వాత చూడ్డం మానేసి అన్నీ వెనక్కి తోశాడు. పరదేశపు నోటు మీద ఏ మరకా ఉండకూడదట. సిరా చుక్క ఉన్నా చెన్నైలో తమ దగ్గర కొనేవాళ్ళు తీసుకోరట. వీటికి నాలుగు మూలలా పసుపు, నడుమ కుంకుమ బొట్టు ఉన్నాయి.

ఉండక ఏం చేస్తాయి? ఇంటికి వచ్చిన ప్రతి కొత్త నోటుకూ శుక్రవారం పూట ఆమే పెట్టింది. లక్ష్మి ఇంటికొస్తే బొట్టు పెట్టకుండా ఎవరైనా లోపలికి పిలుస్తారా? పసుపు పూసిన రూపాయి నోట్లు ఈ ఊళ్ళో ఏ కొట్టులో తీసుకోరు గనక? ప్రతి వారం ఇలక్కియ పక్కనే కూర్చుని పసుపు గిన్నె అందించేది. పని అయ్యాక అవ్వ దాని గడ్డం పుణికి ముద్దు పెట్టుకునేది.

కుర్రవాడు ఒక్క నోటు మాత్రం తీసుకున్నాడు. అది ఆదివారం దొరికింది. శుక్రవారం మొహం చూడనిది అదొక్కటే. ఇంకో రెండు దుకాణాలు తిరిగింది. అక్కడా అదే మాట. బ్యాంకువాళ్ళు మూట విప్పనే లేదు.

అయినా ఆమె చేతులెత్తేయలేదు. చీర మీది పసుపు మరక ఎండకు పోతుందని ఎరిగిన ఆడది. మేడ మీద గుడ్డ పరిచి, నోట్లు పేర్చి, పైన పటాల అద్దాలు బోర్లించింది. రెండు రోజులకు ఒక పిసరు తగ్గింది. ఇంకో పది ఎండలు కాస్తే చాలు, అమ్మా తల్లీ అని దండం పెట్టుకుని మూడో రోజు పనికి పోయింది.

సాయంత్రం వచ్చేసరికి మొగుడు మునుసామి గడప మీద కూర్చుని ఉన్నాడు. నీళ్ళ ట్యాంకు దగ్గర పంపు ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి. ఇంట్లో ఏ పని చెప్పినా రేపంటాడు. ఈసారి మాత్రం చెప్పకుండానే చేశాడు.

"సోపేసి కడిగినానే," అన్నాడు ఆమె మొహం చూడకుండా. "పసుపే కదా, పోతాదనుకున్నా. పిల్లకి బిరీన మిషను ఒస్తాదని."

పసుపుకు సబ్బు తగిలితే ఏమవుతుందో ఆడవాళ్ళను అడగాలి. పసుపులో సున్నం వేసి దిష్టి తీసే ఎర్రనీళ్ళు ఆ ఇంట్లో ఎవరు ఎలా కలిపారో ఆయన ఏనాడు చూశాడు గనక? దండెం మీద నోట్లు వరసగా ఆరుతున్నాయి. నాలుగు మూలలా ముదురు ఎరుపు, కుంకుమ కరిగి నోటంతా పాకింది. రుద్దిన చోట మెరిసే పట్టీ లేచిపోయింది. సెంగమలం ఆయన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఆయన ఆ తర్వాత చాలామందితో అన్నాడు.

మర్నాడు నోట్లు చూసి జయప్రకాశ్ కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టాడు. ఆ దేశాల్లో దొంగలు డబ్బు పెట్టె పగలగొడితే నోట్ల మీద రంగు చిమ్ముతుందట. ఇలాంటివి చూస్తే అక్కడివాళ్ళు ముందు పోలీసులనే పిలుస్తారట. మరకైన నోట్లు మార్చే పెద్ద బ్యాంకు అక్కడ ఉందిగానీ, ఎవరి చేతికిచ్చి పంపినా వాళ్ళ మెడకు చుట్టుకుంటుంది. కవర్లో పెట్టి పోస్టు చేద్దామంటే, నోట్లు అలా దేశం దాటించడానికి మన చట్టం ఒప్పుకోదు.

"ఉంచుకోవచ్చునని నువ్వే చెప్తివి కదన్నా," అంది సెంగమలం. "హద్దు దాటకుండానే ఉంచుకుంటిని. పసుపు పెట్టకూడదని యాడా చెప్పలేదే."

ఆయన నోట్లను మళ్ళీ గుడ్డలో చుట్టి ఆమె వైపు జరిపాడు. "చెప్పాలని నాకు తోచలేదమ్మా. మా ఇంట్లో కూడా పెడతారు."

జీతంలో ముందుగా కొంత ఇస్తానన్నాడు. మంచివాడే. ఆ డబ్బు పిల్ల ఒక చెవి మిషనులో సగానికి కూడా రాదు. డాక్టరమ్మ రమ్మన్న వారం దాటిపోయింది. ఒక్కో నోటుగా పోగేసుకున్న డబ్బు చేతిలోనే ఉండి, చేతిలో లేకుండా పోయింది. ఒకడు దొంగిలించి ఉంటే వాణ్ణి శపించుకునేది. ఇప్పుడు ఎవరిని శపించాలి? మొగుణ్ణా, చట్టాన్నా, అంగాళమ్మనా? ఏ పేరు తలచుకున్నా చివరికి తన వేలి కొసే కనబడేది.

ఆ తర్వాతి శుక్రవారం గెస్ట్‌హౌస్‌లో ఒక ముసలి దొరసాని ఖాళీ చేస్తూ యాభై యూరోల నోటు పెట్టి పోయింది. అంత పెద్ద నోటు సెంగమలం ఎప్పుడూ చూడలేదు. రుమాలులో పెట్టి, తడి తగలకుండా ఇంటికి తెచ్చింది. రేపు పొద్దున్నే మార్చేయాలి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి అనుకుంది. రుమాలు పెట్టె మీద ఉంచి వంటింట్లో బియ్యం కడుగుతోంది.

తలెత్తి చూస్తే, ఇలక్కియ గూడు ముందు కూర్చుని ఉంది. రుమాలు విప్పి ఉంది. అవ్వ మరిచిపోయిన పనిని తానే చేయబోతున్నట్టు, గిన్నెలో పసుపు తడిపి వేలు ముంచుకుంది.

"వద్దు పాపా," అంది సెంగమలం. "వద్దే."

పిల్ల ఒక మూల అద్దింది. సెంగమలం గొంతు చించుకుని అరిచింది. పక్కింటి మరగతం కిటికీలోంచి ఏందని అడిగింది. బియ్యం గిన్నె చేతిలోంచి జారి నేలంతా చిమ్మింది. పిల్ల తొణక్కుండా రెండో మూల, మూడో మూల, నాలుగో మూల అద్ది, నడుమ కుంకుమ పెట్టి, అమ్మవారి పాదాల దగ్గర నోటు ఆనించింది. అప్పుడు వెనక్కి తిరిగి నవ్వుతూ గడ్డం పైకెత్తి ఆగింది.

సెంగమలం తడి చేతులు కొంగుకు తుడుచుకుంది. బియ్యం మీదుగానే నడిచి వచ్చి పిల్ల ముందు చతికిలబడింది. ప్రతి శుక్రవారం లాగే దాని గడ్డం పుణికి ముద్దు పెట్టుకుంది.