బైబిల్లో రాసిన గేమ్ కీ

నిన్న మైదుకూరు ఇంట్లో బీరువా తెరిస్తే కలరా ఉండల వాసనతో మా పాత బైబిల్ చేతికొచ్చింది. ఇంటివాళ్ల పుట్టిన తేదీలు రాసుకునే మొదటి పేజీలో, కార్ల ఆట సీడీ కీ కూడా, అంటే ఆట తెరుచుకోవడానికి కొట్టే నంబరు, అన్న రాసిపెట్టాడు. మీరూ కీలు ఇలా దాచినవాళ్లే కదా?

"సీడీ పాడైనా ఈ కీ ఉంటే ఆట మనదేరా. ఎవురికీ చెప్పాకు," అనేవాడు. నేను చెప్పలేదు.

దాని కిందే అన్న పోయిన తేదీ, అమ్మ చేతిరాతలో.

ఆ ఆట కంపెనీ సైట్‌లో ఆ కీ కొట్టి చూశాను. కొన్నది మనమైనా తాళం కంపెనీదే కదా. "ఈ కీతో వేరొకరు ఇప్పుడు ఆడుతున్నారు. వారిని బయటికి పంపాలా?" అని వచ్చింది.

పక్కనున్న అమ్మకు చదివి చెప్పాను. ఆమె మౌసు మీదున్న నా చెయ్యి పట్టుకుంది.

"వద్దప్పా. ఆడుకోనీ."